పల్లవి తర్వాత రెండు దగ్గులు

జక్రయ్య పాడిన పాట పద్దెనిమిదేళ్లు ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉండి, నిరుడు మిరపకోతల కాలంలో ఉన్నట్టుండి లేచి ఊళ్ల మీద పడింది. ప్రత్తిపాడు సెంటర్లో ఫోన్ల షాపు ముందు అదే, చిలకలూరిపేట హైవే మీద లారీ క్యాబిన్లలో అదే, పెళ్లి ఊరేగింపుల్లో ట్రాక్టరు మీద పేర్చిన బాక్సుల్లోనూ అదే. ముసలీ ముతకా కూడా కాలు కదిపారు. కదపనిది ఇద్దరే. ఒకరు ఆ పాట పాడిన జక్రయ్య. రెండోది అతని అక్క జయకుమారి.

పాట పేరు 'కల్లమెళ్లే చిన్నదానా'. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ జక్రయ్యే. 2006లో గుంటూరులో ఒక మేడ మీద, గంటల లెక్కన అద్దెకిచ్చే స్టూడియోలో రికార్డు చేశాడు. కోరస్‌కి వస్తామన్న అమ్మాయిలు చివరి నిమిషంలో ఎగ్గొడితే, అక్కను బస్సెక్కించి తీసుకుపోయాడు. ఆమె గొంతు మీద అతనికి నమ్మకం. వాళ్ల ఊరి చర్చిలో ఆదివారం ఆరాధనకు పాట ఎత్తుకునేది జయకుమారే. పుస్తకం చూడదు, హార్మోనియం కోసం ఆగదు. ఆమె మొదటి ముక్క అందుకున్నదంటే సంఘమంతా వచ్చి ఆ శ్రుతిలో పడాల్సిందే.

స్టూడియోలోనూ బాగానే పాడింది. పల్లవి కాగానే చక్కగా ఓలాలో అని రాగం తీసింది. చరణం మొదలయ్యేలోపు ఆపుకోలేక రెండుసార్లు దగ్గింది. మళ్లీ పాడదామంటే స్టూడియో టైము అయిపోయింది. తిరిగొచ్చే బస్సులో ఆమె తమ్ముణ్ణి బతిమాలింది.

"ఒరే జక్రీ, ఆ దగ్గు తీసేయించరా."

"ఏమవుద్దిలే అక్కా. కల్లం పాటే కదా. కల్లంలో దగ్గకుండా ఉంటారా ఏంది?"

"కల్లంలో అందరూ దగ్గుతారు. ఆ గదిలో మిరపకాయలు యాడున్నాయిరా?"

మిరప కల్లాల సంగతి తెలిసినవాళ్లకు ఆ మాట చాలు. ఎండిన కాయల గుట్ట ముందు కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లలో తుమ్మనివాళ్లు, దగ్గనివాళ్లు ఉండరు. అక్కడ దగ్గు చెమటతో సమానం, ఎవరూ పట్టించుకోరు. కల్లం దాటి బయటికొచ్చాక దగ్గితే మాత్రం అది జబ్బు. జబ్బుమనిషిని పనికి పిలిచేవాళ్లు లేరు. ఆ ఊళ్లో ఆడకూలీల ముఠాను కూర్చి ఆటో ఎక్కించేది జానీబీ. జానీబీ మంచిదే గాని, ముఠాలో ఒక్క మనిషి పడిపోతే రైతు దగ్గర మాట పడాల్సింది తనే కాబట్టి, ఆమె కన్ను ఎప్పుడూ అందరి మీదా ఉంటుంది. మొగుడు పోయిన జయకుమారికి ఆ ఆటోలో చోటే ఆధారం. అప్పటికే ఆమె ఒకసారి పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకుంది. దుమ్ములో పనిచేసీ చేసీ ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఎవరికీ అంటుకునేది కాదని చెప్పి, పీల్చే మందు ఇచ్చారు. ఆ మందు ఆమె బైబిలు సంచిలో దాచుకునేది. చర్చిలో పక్క తలుపు దగ్గరే కూర్చునేది. పాట ఎత్తుకుని, సంఘం అందుకున్నాక, దగ్గొస్తే ఎవరికీ తెలియకుండా బయటికి జారుకోవచ్చు కదా.

ఇదంతా తెలిసిన మనిషి లోకంలో జక్రయ్య ఒక్కడే. "నీ పేరు వెయ్యనులే అక్కా, ఊరికే కోరస్ అని వేస్తా. అయినా ఈ సీడీ ఎవడు వింటాడు?" అన్నాడు. నోటిమాట ఫలించింది. అమ్ముడుపోని సీడీలు చాలా ఏళ్లు జొన్నచేలల్లో దారాలకు వేలాడుతూ పిట్టల్ని బెదిరించాయి. జక్రయ్య పాటలు మానేసి మైక్ సెట్టు పెట్టుకున్నాడు.

అటువంటి పాట చిలకలూరిపేటలో డీజే అనిల్ కుమార్ చేతిలో పడింది. అతను చరణాలు మొత్తం కోసి పారేశాడు. ఉంచింది పల్లవీ, ఆ దగ్గూ. పల్లవి అవగానే వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో ఖళ్లు, ఖళ్లు మని రెండు దగ్గులు. వెంటనే గుండెలదిరేలా బీటు పడుతుంది. జనం ఆ దగ్గు దగ్గర పిడికిలి నోటికి అడ్డం పెట్టుకుని వంగి దగ్గి, లేచి ఎగరడం మొదలుపెట్టారు. అదొక స్టెప్పయి కూర్చుంది. బళ్లో పిల్లల దగ్గర్నుంచి బ్యాంకు ఉద్యోగుల దాకా అందరూ దగ్గి వీడియోలు పెట్టారు.

గుంటూరు నుంచి ఒక యూట్యూబ్ చానలువాళ్లు జక్రయ్యను వెతుక్కుంటూ వచ్చారు. ఇంటర్వ్యూ చేసే అమ్మాయి నజ్మీన్, మర్యాదస్తురాలు, ఆఖర్న ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆ దగ్గు ఐడియా ఎవరిదండీ?"

జక్రయ్య తడుముకోలేదు. "నాదేనమ్మా. కల్లాల్లో ఆడవాళ్ల కష్టం చూపిద్దామని నేనే కావాలని పెట్టించా" అన్నాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఒకరు వచ్చి గొప్పవాడివంటే కాదనే మనిషి ఎక్కడుంటాడు గాని, ఆ రోజు సాయంత్రం ఫోన్లో తన మొహం తానే చూడలేక వీడియో సగంలోనే ఆపేశాడు. అక్క ఆ స్టూడియో గదిలో తల వంచుకుని దగ్గిన దగ్గును తన తెలివిగా అమ్ముకున్నాడు.

అక్క దగ్గరికి వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు. జయకుమారి గిన్నెలు తోముతోంది.

"చూశాలే" అంది తల ఎత్తకుండా. "నా పేరు చెప్పలా. అదే పదివేలు."

ఆమె ఆ మాట ఉన్నదున్నట్టే అంది. జక్రయ్య మాత్రం దాన్ని దెప్పిపొడుపుగానో, క్షమించడంగానో తీసుకున్నాడు. సిగ్గుపడినవాడి చెవికి ఏ మాటా సరిగ్గా వినపడదు. చిలకలూరిపేట వెళ్లి, ఆ దగ్గు తీసెయ్యమని అనిల్ కుమార్‌ని అడిగాడు.

"దగ్గు తీసేస్తే పాటలో ఏముంది అంకుల్?" అన్నాడు అనిల్ కుమార్. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. తన పాటలో జనం మెచ్చింది తనను కాదని జక్రయ్యకు ఎప్పుడో తెలుసు. ఇంకొకరి నోట వింటే పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు చర్చిలో అక్కను చూస్తూ కూర్చున్నాడు. ఇదివరకు ఆమె రెండు పాటలకు ఒకసారి బయటికి వెళ్లేది. ఇప్పుడు మొదటి పాట పూర్తికాకుండానే కొంగు నోట్లో కుక్కుకుని తలుపు దాటుతోంది. ఆ దగ్గు తనదని ఎవరైనా పోల్చుకుంటారేమోనని ఆమె భయం. జక్రయ్య కళ్లకు మాత్రం కనిపించింది తన పాపమే. అతనికి అన్నం సయించలేదు. అడుసు తొక్కాడు సరే, కాలు కడుక్కోవాలి కదా అనుకున్నాడు. ఎవరి నీళ్లతో కడుక్కుంటున్నాడో ఆలోచించలేదు.

అయిదో ఆదివారం సాక్ష్యాల వేళ జక్రయ్య లేచాడు. వాళ్ల చర్చిలో అదొక అలవాటు. ఆ వారం ఎవరికి ఏ మేలు జరిగినా, ఎవరు ఏ తప్పు ఒప్పుకోవాలన్నా, ముందుకొచ్చి మైకు పట్టుకుని చెబుతారు. జక్రయ్య ఏడుస్తూ చెప్పాడు. తాను అబద్ధం ఆడానన్నాడు. ఆ దగ్గు అసలు ఎవరి ఐడియా కాదన్నాడు.

"ఆ దగ్గు మా అక్క జయకుమారిది. మా అక్కకి అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. ఇరవయ్యేళ్ల నుంచి ఆ జబ్బు దాచుకుని కల్లాలకి పోతంది. నేను దాన్ని నలుగురూ నవ్వేట్టు చేశాను. దేవుడు నన్ను క్షమించాలి."

పాస్టరు ఆదాంగారు కళ్లు తుడుచుకున్నారు. సంఘం స్తోత్రం అంది. జక్రయ్య గుండె దూదిలా తేలికైంది. ఆ తేలికలోనే అక్క కోసం పక్క తలుపు వైపు చూశాడు. ఆమె లేదు. చాప మీద బైబిలు సంచి మాత్రం ఉంది.

అప్పుడు అతనికి చర్చి కప్పు మీది మైకు హారన్ గుర్తొచ్చింది. దేవుని వాక్యం పొలాల దాకా వినపడాలని ఆ హారన్ని కల్లాల వైపు తిప్పి కట్టింది తనే. మిరపకోతల రోజులు, కల్లాలకి ఆదివారం సెలవుండదు. రైతు త్రినాథ్‌గారి కల్లంలో, ఆరాధనకొచ్చిన జయకుమారి తప్ప, జానీబీ ముఠా అంతా ఆ ఉదయం నుంచీ తొడిమలు తీస్తూనే ఉంది. తన మైకు, తన ఆంప్లిఫయరు, తన హారను, తన నోరు. ఒక్క మాట కూడా గాలికి పోకుండా అక్కడికి చేరింది.

చర్చి బయట అందరూ అతని చేతులు పట్టుకున్నారు. ఇంత ధైర్యం ఎవరికుంటదయ్యా అన్నారు. ఒకాయన ఫోన్లో తీసిన వీడియో అప్పటికే గ్రూపుల్లో తిరుగుతోంది. జక్రయ్య ఆ పొగడ్తల మధ్య నేరం చేసి పట్టుబడినవాడిలా నిలబడ్డాడు.

సోమవారం పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాడు. జయకుమారి మొహానికి తుండుగుడ్డ చుట్టుకుని, క్యారేజీ పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఆటో వచ్చింది, ఆగింది కూడా. జానీబీ దిగి వచ్చి కొంచెం దూరంలోనే నిలబడింది.

"కుమారీ, కొన్నాళ్లు రెస్టు తీసుకో. నాకేం లేదమ్మా, త్రినాథ్‌గారు ఒప్పుకోటంల్యా. రేపేదన్నా అయితే ఆయన మీదకొస్తదంట. మనోళ్లు కూడా టీబీ ఏమోనని..."

"అంటుకునేది కాదు వదినా" అంది జయకుమారి.

"నాకు తెలుసు" అంది జానీబీ. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అయినా వెళ్లి ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగేదాకా జయకుమారి చూసింది. తర్వాత తుండుగుడ్డ విప్పి మడిచి ఒళ్లో పెట్టుకుంది. జక్రయ్య ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"అక్కా, నేను మంచికే చెప్పాననుకున్నా."

"నీ మంచికి చెప్పుకున్నావు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "నవ్వితే నవ్వారు, నాకేంది? అది నా దగ్గు అని తెలీదుగా. నువ్వు నీ బరువు దించుకోటానికి నా నెత్తే కనపడిందిరా?"

అతను నేల గీకుతూ కూర్చున్నాడు. బతుకులో ఎన్నడూ అంత సిగ్గుపడలేదు. అబద్ధం చెప్పినప్పటి సిగ్గు దీని ముందు పిల్లిపిల్ల.

నెలన్నా గడవలేదు, కనీసం ఆ వారమైనా పూర్తి కాలేదు. శుక్రవారం వాళ్ల ఊళ్లోనే ఒక పెళ్లి. ఊరేగింపు జయకుమారి ఇంటి ముందు నుంచే రావాలి. జక్రయ్య ఆమెకు కూరగాయలిచ్చి పోదామని వచ్చి అక్కడే ఉన్నాడు. ట్రాక్టరు మీది బాక్సుల్లోంచి పాట వస్తోంది. అదే పల్లవి. వాయిద్యాలు ఆగిపోయాయి. దగ్గు రావాల్సిన చోట ఒక మగగొంతు వచ్చింది. ఏడుపు గొంతు.

ఆ దగ్గు మా అక్క జయకుమారిది.

ఖళ్లు, ఖళ్లు. ఆపైన బీటు.

అనిల్ కుమార్ సాక్ష్యం వీడియోలోంచి ఆ ముక్క కోసి, దగ్గుకు ముందు అతికించాడు. కొత్త రీమిక్స్ పాతదాన్ని మించిపోతోందని ఎవరో అరిచి చెబుతున్నారు. ట్రాక్టరు నెమ్మదిగా ఇంటి ముందుకొచ్చింది. ఎగిరేవాళ్లు అరుగు మీద కూర్చున్న మనిషిని చూశారు. కొందరు చప్పున చేతులు దించుకున్నారు. కొందరికి ఆమె ఎవరో తెలియదు, పిడికిలి నోటికి పెట్టుకుని దగ్గారు.

జయకుమారికి అప్పుడే దగ్గొచ్చింది. రెండు చేతులా తుండుగుడ్డ నోటికి అదుముకుంది. మెడనరాలు ఉబ్బాయి, కళ్లు ఎర్రబడ్డాయి, వీపు ఎగిరెగిరిపడింది. ట్రాక్టరు దాటిపోయేదాకా ఆ దగ్గును బయటికి రానివ్వలేదు. దాచడానికి ఇక ఏమీ లేదని తెలిసీ దాచింది. జక్రయ్య మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె తాగి, ఊపిరి కూడదీసుకుని అంది.

"జక్రీ, నాకొక పని చేసిపెడతావా?"

"ఏదైనా చేస్తా అక్కా."

"ఆదివారం ఏం మాట్టాడబాక."

ఆదివారం వచ్చింది. చర్చి నిండింది. పక్క తలుపు దగ్గర చాప ఖాళీగా ఉంది. ఆరాధన మొదలుపెట్టే వేళకు అందరూ అలవాటు చొప్పున అటు చూసి, మళ్లీ ముందుకు తిరిగారు. ఒకామె సన్నగా ఏదో అందుకోబోయి, శ్రుతి కుదరక ఆగిపోయింది. ఆదాంగారు జక్రయ్య వైపు తిరిగారు.

"జక్రయ్యా, నువ్వు ఎత్తుకో నాయనా."

మైకు చేతికొచ్చింది. పైన హారన్ కల్లాల వైపే ఉంది. సంఘమంతా ఎదురుచూస్తోంది. జక్రయ్య మైకు పక్కన కూర్చున్నాయన చేతికి ఇచ్చేసి, తల వంచుకుని, పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. ఆదాంగారు మళ్లీ పిలిచారు. అతను తల ఎత్తలేదు. ఆ రోజు వాళ్ల చర్చిలో ఆరాధన పాట లేకుండానే మొదలైంది.