నీళ్ళ మీద నూనె తెట్టు

పాప లేచాక చూస్తే, కమోడ్‌లో నీళ్ళ మీద నారింజ రంగు నూనె తెట్టు కట్టి తేలుతోంది.

నిన్న తిన్న వెన్న, మీగడ, గుడ్డు... అంతా అక్కడే ఉంది. నా కూతురి ఒంటికి పట్టిందేమీ లేదు.

"అమ్మా, నీళ్ళు కొట్టనా?"

"వద్దు. ముట్టుకోకు."

నా గొంతు విని అది గోడకి అతుక్కుపోయింది. ఏడేళ్ళ పిల్ల. చిట్టెలుక అని పిలుస్తాం. బరువు పదిహేను కిలోల రెండొందల గ్రాములు. శుక్రవారం మళ్ళీ తూకం ఉంది. పదిహేనుకి తగ్గితే పొట్టకి చిల్లు పెట్టి తిండి గొట్టం వేయక తప్పదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇవాళ మంగళవారం.

మనం తిన్నది నోట్లో నలుగుతుంది, కడుపులో ఆమ్లంలో నానుతుంది, చిన్నపేగులోకి దిగుతుంది. అసలు పని జరిగేది అక్కడ. క్లోమం పంపే ఎంజైములు కొవ్వుని చిన్న చిన్న ముక్కలు చేస్తేనే పేగు గోడ దాన్ని పీల్చుకోగలదు. మా పాప క్లోమం వాటిని పంపదు. అందుకే ప్రతి భోజనానికీ ముందు ఒక క్యాప్సూల్. దాన్ని విప్పితే గసగసాలంత గింజలు వస్తాయి. ఉడికించిన ఆపిల్ గుజ్జు మీద చల్లి మింగించాలి.

మందు మొదలెట్టిన మొదటి రెండు నెలల్లో పిల్ల కిలోన్నర పెరిగింది. ఈ మూడు వారాల్లో అందులో కిలో ఆవిరైపోయింది. మూడు వారాల కిందట మారింది నాకు తెలిసినంతలో ఒక్కటే. పాత షాపులో స్టాకు లేక, సందు చివర కొత్త షాపులో మందు కొన్నాను.

వంటింట్లోకి విసురుగా వెళ్ళి డబ్బా అందుకున్నాను. మావయ్య ఆపిల్ ఉడికిస్తున్నారు.

"ఏమైందమ్మాయ్?"

"నకిలీ మందు అంటగట్టాడు మావయ్యా, ఆ షాపు వాడు. ఇవాళ వాడి సంగతి చూస్తాను."

ఆయన చెంచా పట్టుకుని అలాగే నిలబడ్డారు. "కాస్త నెమ్మదిగా కనుక్కో..."

"నెమ్మదిగానా? శుక్రవారం దాకానా?"

మావయ్య నలభై ఏళ్ళు ఒక క్లినిక్‌లో కాంపౌండర్‌గా చేశారు. ఆయన కొడుకు, అంటే మా ఆయన, ఓడలో వంటవాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం మీదే ఉంటాడు. పాప మందుల బాధ్యత మూడు పూటలా మావయ్యే నెత్తినేసుకున్నారు. నేను అందులో వేలు పెట్టేదాన్ని కాదు.

షాపు షట్టరు సగమే లేచి ఉంది. వంగి లోపలికి దూరాను.

"ఇందులో ఏం నింపావయ్యా? సుద్దపొడా?"

"అమ్మా, అరవకండి. బయట జనం ఉన్నారు."

"ఉండనీ! వాళ్ళకీ తెలియాలిగా నువ్వేం అమ్ముతున్నావో!"

"నేనూ పిల్లలున్నవాణ్ణేనండీ."

"అయితే వాళ్ళకి పెట్టు ఈ మందు. మూడు వారాల తర్వాత కాటా ఎక్కించు!"

అతని మొహం కందగడ్డ అయింది. నా మెడలో వేలాడుతున్న ఉద్యోగం కార్డు వైపు చూపించాడు. "నీళ్ళ ల్యాబులో చేస్తారు కదా మీరు? ఊరు ఊరంతా ఏ నీళ్ళు తాగాలో చెప్పేది మీరేగా? ఈ మందు కూడా మీరే తేల్చండి. నకిలీదైతే షట్టరు దించి తాళం మీ చేతిలో పెడతాను. కాకపోతే, ఇప్పుడెంత గట్టిగా అరిచారో అంత గట్టిగా వచ్చి చెప్పండి."

ల్యాబులో ముందు ఆ పనే పెట్టుకున్నాను. బీకరులో కడుపులో ఉన్నంత పులుపు, ఒంట్లో ఉన్నంత వేడి. గింజలు వేసి గంటసేపు కదపకుండా ఉంచాను. ఒక్కటి కూడా చెక్కుచెదరలేదు. వడగట్టి, చిన్నపేగులో ఉన్నట్టుగా సోడా కలిపిన నీళ్ళలో వేశాను. అరగంటలో పైపొర కరిగి గింజలు విచ్చుకున్నాయి. ఆ నీళ్ళు కాసిని పాలలో పోశాను. నేను చూస్తుండగానే పాలు తెలుపు పోయి తేటపడ్డాయి, ఎంజైములు వాటిని అరిగించేశాయి.

మందు నికార్సయినది. పొద్దున్నించీ మోస్తున్న కోపాన్ని ఎవరి మీద దించాలో తెలియక డాక్టరమ్మకి ఫోన్ చేశాను.

అంతా విని ఆవిడ ఒకటే అడిగింది. "పాప నోట్లో పుళ్ళున్నాయా?"

"ఉన్నాయండీ. రెండు వారాలైంది. చిగుళ్ళ మీద, పెదాల లోపల. కొత్త పళ్ళు వస్తున్నాయి కదా అని..."

"కొత్త పళ్ళు కాదు. గింజల్ని ఎవరో నలుపుతున్నారు." ఆవిడ గొంతు కరుకుగా మారింది. "ఆ పొర అందం కోసం పెట్టలేదమ్మా. అది లేకపోతే ఎంజైములు కడుపులో ఆమ్లానికే చచ్చిపోతాయి, పేగు దాకా చేరవు. మింగేలోపు నోట్లో అంటుకున్నవి నోట్లోనే పని మొదలెడతాయి. తిండేదో చిగురేదో వాటికేం తెలుసు? పిల్ల నోటిని అరిగిస్తున్నాయి."

సెలవు చీటీ బల్ల మీద పడేసి బయటపడ్డాను. బస్సు కోసం ఆగలేదు. ఇంటి దాకా నడిచానో పరిగెత్తానో నాకే గుర్తులేదు.

ముందుగదిలో పాప బొమ్మకి రంగులు వేస్తోంది. వంటింట్లోంచి రాయి మీద రాయి తిరుగుతున్న చప్పుడు. మావయ్య కిటికీ దగ్గర కూర్చుని, తెల్లటి రాతి కల్వంలో మందు నూరుతున్నారు. నూరే తీరులో ఎంత శ్రద్ధో!

"తొందరగా వచ్చావేం?" అంటూ తలెత్తారు. నా మొహం చూశాక ఆయన చెయ్యి ఆగిపోయింది.

కల్వం లాక్కున్నాను. గోధుమరంగు పొడి నా చీర మీద ఒలికింది.

"ఎన్నాళ్ళనించి మావయ్యా ఇది?"

"మెత్తగా ఉంటే తొందరగా పనిచేస్తుందని..."

"చేస్తోంది! దాని నోటిని తినేస్తోంది!" పాప వింటుందని తెలుసు. అయినా ఆగలేకపోయాను. "పొద్దున పరాయివాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేసి వచ్చాను. మీరు చెంచా పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. అప్పుడైనా నోరు పెగల్లేదా మీకు? డబ్బాలో కాగితం ఉంటుంది కదా, అది కూడా చదవలేదా?"

ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"చదివానమ్మాయ్. భూతద్దం పెట్టుకుని రెండుసార్లు చదివాను. నలపకూడదనే ఉంది. నలభై ఏళ్ళు నేను నూరిచ్చిన పొడి తిని ఎంతమంది మంచాల మీంచి లేచారో, నాకు కాగితం నేర్పేదేంటి అనుకున్నాను. మూడు వారాల కిందట ఒకరోజు గింజలు గొంతుకి అడ్డంపడి చిట్టెలుక కక్కేసింది. ఆ పూటే మొదలెట్టాను. నోరు పూసింది. గింజ పలుకు తగిలి గీసుకుంటోందనుకుని ఇంకా మెత్తగా నూరాను. అది ఏడ్చినకొద్దీ ఇంకా నూరాను. పొద్దున నువ్వు తిడుతూ వెళ్ళావు చూడు, అప్పుడు నాకు లోపల భయం పట్టుకుంది, తిట్లు నాకే తగలాలేమోనని. చెప్పలేదు. ఈ ఒక్క పని కూడా నాకు చేతకాదంటే ఈ ఇంట్లో ఇంక నేనెందుకు అనిపించింది. శుక్రవారం దానికి గొట్టం పడితే, ఆ చిల్లు నేను పెట్టినట్టే. డాక్టరమ్మకి ఫోన్ కలుపు, నేనే చెప్తాను. ఆ షాపాయన దగ్గరికి కూడా నేనే వెళ్తాను. మందులో తప్పు లేదు. నేను నలిపాను. తెలిసే నలిపాను."