కంపెనీ పెట్టె

ఆ ఆదివారం పొద్దున మా ఇంట్లో గొడవ గోడ గడియారం దగ్గర మొదలైంది. నేను కుర్చీ ఎక్కి దాని మీద దుమ్ము తుడిచాను. దిగేముందు ముల్లు వెనక్కి తిప్పి సరైన వేళకి పెట్టాను. మా ఆయన గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి చూశారు.

"దాన్నెందుకు కదిలిస్తావు?"

"తప్పు చూపిస్తోంది కాబట్టి."

"తప్పు కాదు, ముందుంది. ముందుండటం తప్పెలా అవుతుంది?"

"అది ముందుందని ఇంట్లో అందరికీ తెలుసండీ. చూసిన ప్రతిసారీ మనసులో తీసివేత చేసుకుంటున్నాం. లెక్కలు మర్చిపోకుండా ఉండటానికి తప్ప ఇంక దేనికి పనికొస్తుంది?"

"నీలాంటివాళ్ళు డ్రైవర్లయితే నా లారీ ఒక్కటీ కదలదు," అంటూ మూతి నిండా నురగతోనే వచ్చి, నేను దిగిన కుర్చీ ఎక్కి, ముల్లు మళ్ళీ ముందుకి జరిపారు.

ఆయన ఒక రవాణా కంపెనీ గోదాములో గుమాస్తా. లారీలు వేళకి బయలుదేరేలా చూడటం ఆయన పని. అక్కడి గడియారాన్ని కూడా ఆయనే ముందుకి పెడతారు. డ్రైవర్లు దాన్ని చూసి టీ గ్లాసులు కిందపెట్టి పరుగెత్తుతారని ఆయన నమ్మకం. వాళ్ళూ మాలాగే తీసివేసుకుంటారని నా అనుమానం.

"మీ పంచాయితీ అయ్యాక ఎవరైనా ఆ టేబుల్ ఫ్యాన్ ఇటు పట్రండి. ఇది కాలిపోతోంది," అంది లోపలి గదిలోంచి మా అమ్మాయి.

కాలిపోతున్నది కంప్యూటర్. నల్లటి పెద్ద పెట్టె, ముందు వైపు మెరిసే కంపెనీ గుర్తు. అమ్మాయి యానిమేషన్ చదువులో చేరినప్పుడు విడిభాగాలు కొని మనమే బిగించుకుందామంది. ఆయన ఒప్పుకోలేదు. "ఆ చిల్లర సామాను మనకెందుకే? కంపెనీది కొంటే మళ్ళీ వెనక్కి తిరిగి చూడక్కర్లేదు," అన్నారు. కొన్నరోజున ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. అట్టపెట్టె ఇప్పటికీ అటక మీదుంది, పారెయ్యనివ్వరు.

చదువు అయిపోయింది. ఒక స్టూడియోవాళ్ళు ఉద్యోగానికి పరీక్ష పెట్టారు. సొంతంగా ఒక చిన్న చిత్రం చేసి సోమవారం పొద్దున్నకల్లా పంపాలి. నచ్చితే తీసుకుంటారు, లేకపోతే మళ్ళీ ఏడాది దాకా ఎవర్నీ తీసుకోరు. మా అమ్మాయి ఎంచుకున్న విషయం వింటే నవ్వొస్తుంది. ఒక ముసలావిడ ఒక్కతే పెద్ద దుప్పటి మడతపెట్టుకుంటుంది, అంతే. దానికోసం నాచేత ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ మడతపెట్టించి, నేలమీద కూర్చుని చూసింది. చివర్లు పట్టుకునే ముందు ఒక్కసారి దులుపుతామని, రెండో మూల చేతికి అందకపోతే గడ్డం కింద నొక్కిపెడతామని నేనే చెప్పాను.

గుడ్డ కదలికలు ఆ పెట్టెకి మహా కష్టమట. ఒక్కొక్క బొమ్మ తయారై బయటికి రావడానికి నేను కూర వండి దించేంత సేపు పడుతోంది. ఇలా అయితే సోమవారానికి అవ్వదని అమ్మాయికి అర్థమైపోయింది. అందుకే వారం నుంచీ దాని వేగం పెంచాలని కుస్తీ పడుతోంది. ఆన్ చెయ్యగానే ఏదో మీట టకటకా నొక్కితే సెట్టింగులు మార్చుకునే నీలం తెర ఒకటి వస్తుంది. అందులో వెతుకుతుంది, ఆపేస్తుంది, మళ్ళీ వెతుకుతుంది.

"ఏమిటే అది?" అన్నారు ఆయన, ఫ్యాన్ తెచ్చి పెడుతూ.

"ఓవర్‌క్లాక్ చేద్దామని చూస్తున్నా నాన్నా. ప్రాసెసర్‌కి లోపల ఒక క్లాక్ ఉంటుంది. దాని స్పీడు పెంచితే పని తొందరగా అవుతుంది."

"అంటే గడియారం ముందుకి జరపడం."

"ఆఁ, అలాంటిదే," అంది అమ్మాయి, తెర మీంచి చూపు తిప్పకుండా. దాని కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. వివరించే ఓపిక దానికి లేదు.

"మరి జరుపు!"

"కుదరదు. కంపెనీవాళ్ళు మదర్‌బోర్డు లాక్ చేసేశారు. ఇందులో మనం మార్చగలిగింది తేదీ, టైము, పాస్‌వర్డు. అంతే."

మంచం మీద కాళ్ళకి నూనె రాసుకుంటున్న మా అత్తయ్య చెవిలో 'లాక్' ఒక్కటే పడింది. "తాళం వేసి అమ్మితే, తాళంచెవి ఏదని కొట్టువాణ్ణి అడగరట్రా? అంత డబ్బు పోసి కొన్నావు!"

"అది ఆ తాళం కాదు నానమ్మా."

"ఏ తాళమైనా చెవి ఉండి తీరుతుంది. మీకు అడగడానికి మొహమాటం."

చివరికి అమ్మాయి రిపేర్లు చేసే అతనికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. "మేడమ్, అది ఆఫీసుల్లో ఉత్తరాలు కొట్టుకోవడానికి చేసిన మోడల్," అన్నాడతను. "వేగం పెరగదు. బోర్డు మారుద్దామంటే పవర్ సప్లై ప్లగ్గు కూడా వాళ్ళదే వేరే రకం, కలవదు. అన్నీ మార్చాలి. చివరికి మీకు మిగిలేది ఆ డబ్బా."

ఆయన ఏమీ అనలేదు. తువ్వాలుతో కంపెనీ గుర్తు మీద లేని దుమ్ము తుడిచి బయటికి వెళ్ళిపోయారు. పాతికేళ్ళ కాపురంలో ఆ మౌనం నాకు తెలుసు. లారీ బోల్తా పడితే గట్టిగా అరుస్తారుగానీ, తను ఎంచుకున్నది తప్పని తేలితే మాత్రం నోరు పడిపోతుంది.

మధ్యాహ్నం అమ్మాయి పెట్టెని చల్లారనివ్వాలని ఆపేసి, పక్క మూత తీసేసి ఫ్యాన్ దానివైపు తిప్పింది. సగం చిత్రం అయింది. ఇక నీలం తెర జోలికి పోకుండా, దుప్పటి మడతలు కొన్ని తగ్గించి ఎలాగో తెల్లారేలోపు లాగించేస్తానంది. "కాసేపు పడుకుంటా, లేపమ్మా," అని వాలిన క్షణంలోనే గురక పెట్టింది. నేను మేడ మీదికి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళాను.

దిగి వచ్చేసరికి మా ఆయన వంటింట్లో బీన్స్ తరుగుతున్నారు. ఆయన కత్తిపీట ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ముక్కలు ఒక్కొక్కటి ఒక్కో పొడుగు.

"ఏమైందండీ?"

"ఏమవుతుంది? నీకు సాయం చెయ్యకూడదా?"

అమ్మాయిని లేపాను. మొహం కడుక్కుని వచ్చి పెట్టె ఆన్ చేసింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. తెర మీద ఎర్ర అక్షరాలు ఏవో వచ్చాయి. తరవాత మెల్లగా, ఎవరినీ తిట్టకుండా అడిగింది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

బీన్స్ తరిగే చప్పుడు ఆగింది.

ఆయన వచ్చి నిలబడ్డారు, చేతిలో ఇంకా ఒక కాయ ఉంది. "నువ్వేగా చెప్పావు, అందులో టైము మార్చుకోనిస్తుందని. రోజూ నువ్వు నొక్కే మీటే నొక్కాను. ముందు పది నిమిషాలు జరిపి చూశాను. తేడా ఏమీ కనపళ్ళేదు. అంత పెద్ద మెషినుకి పది నిమిషాలేం సరిపోతాయిలే అని ఏడాది జరిపాను."

"ఏడాదా?"

"వేగం పెరిగిందా లేదా అని నీ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచి చూశాను. ఏదో ఎర్రగా వచ్చింది. నాకు భయమేసి ఆపేశాను."

ఆ సాఫ్ట్‌వేర్ నెల రోజులు ఉచితంగా వాడుకోనిచ్చే రకం. ఏడాది గడిచిపోయిందనుకుని గడువు ముగించేసింది. అమ్మాయి తేదీ వెనక్కి మార్చింది. అప్పుడు అది గడియారంతో మోసం చేస్తున్నారంటూ ఇంకో ఎర్ర హెచ్చరిక చూపించి, తెరుచుకోనే లేదు. తన ఫోన్ నుంచి ఇంటర్‌నెట్ కలిపి చూసింది. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళకి రాస్తే మూడు పనిదినాల్లో జవాబిస్తామని వచ్చింది. స్నేహితురాలి లాప్‌టాప్ అడుగుదామంటే అది ఇంతకంటే పాతది.

"నువ్వు అలాంటిదే అన్నావు కదే," అన్నారాయన. నెపం వేస్తున్నట్టు కాదు, దారి తప్పినవాడు ఇంకోసారి అడిగినట్టు.

"అన్నాను నాన్నా." అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే కుర్చీలో వెనక్కి వాలి మోచేతితో కళ్ళు మూసుకుంది. ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. నేను దగ్గరికి వెళ్ళబోయి ఆగాను. అప్పుడు ఎవరు ముట్టుకున్నా అది ఏడుస్తుంది, ఏడిస్తే తండ్రి తట్టుకోలేరు.

కొంతసేపటికి తనే లేచి, అప్పటిదాకా తయారైన బొమ్మలన్నీ వరసగా పేర్చి, వేరే ఏదో సాఫ్ట్‌వేర్‌తో ఆడించింది. ముసలావిడ దుప్పటి దులిపింది. ఒక మూల గడ్డం కింద నొక్కిపట్టుకుంది. రెండో మూల కోసం చెయ్యి చాచింది. అక్కడితో ఆగిపోయింది. చెయ్యి అచ్చం మా అత్తయ్య చెయ్యే, వేళ్ళ కణుపులతో సహా. అమ్మాయి దాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. దాని వెనకే నిలబడి నేనూ చూశాను.

రాత్రి భోజనానికి అందరం కూర్చున్నాం. పొట్టీ పొడుగూ ముక్కల కూర సగం ఉడికి సగం మెత్తబడింది. ఎవరూ దాని ఊసెత్తలేదు. ఆయన కంచంలో అన్నం కెలుకుతూ, "రేపు సెలవు పెడతాను. పొద్దున్నే వెళ్ళి ఇంకో మెషిన్ తెస్తా. నువ్వన్న రకమే," అన్నారు.

"పొద్దున్నే పంపాలి నాన్నా. కొత్తదొచ్చినా మొదటికే వస్తుంది."

"పోనీ నేను వాళ్ళతో మాట్లాడతా. తప్పు నాదని చెప్తా."

"వద్దు."

"మరేం చేస్తావే?"

అమ్మాయి నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఉన్నదే పంపిస్తాను. ఆవిడ చెయ్యి చాచిన దగ్గర ఆపేసి, అక్కడే నా పేరు వేస్తాను. మిగతాది కాలేదని రాస్తాను, సాకులేం చెప్పను. తీసుకుంటే తీసుకుంటారు. తీసుకోకపోతే ఏడాది ఏదో ఒక పని చేసుకుంటాను. నేను ఎంచుకున్న భాగాలతో, నా డబ్బుతో మెషిన్ నేనే బిగించుకుంటాను."

"దుప్పటి మడత పడలేదని ఎవరైనా ఉద్యోగం లేదంటారటే?" అంది మా అత్తయ్య. "నా వయసొస్తే వాళ్ళకే తెలుస్తుంది, అది ఒక్కదానికి అయ్యే పని కాదని."

ఆయన తలెత్తి కూతురి వైపు చూశారు. మెల్లగా తలూపారు. నేను గరిటె తీసుకుని, అది వద్దన్నా, దాని కంచంలో ఇంకొంచెం అన్నం పెట్టాను.

"తిను," అన్నాను. "తిని పంపించు."