పచ్చి వేప తలుపు

తలుపు బిగుసుకోగానే చిత్రిక కోసం పరుగెత్తేవాడి చేతులు వెనక్కి విరిచి కట్టాలని నా అభిప్రాయం. అరసవల్లిలో నా వడ్రంగం కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఈ మాట చెబుతాను. అందరూ బుద్ధిగా తలూపుతారు. ఇంటికెళ్ళి చిత్రిక పడతారు. అందరిలోకీ నా ప్రాణం తోడేసినవాడు గంగరాజు.

గంగరాజుది ఎచ్చెర్ల దగ్గర పల్లె. వరి పొలం ఉంది, బోరు ఉంది, మాటకారితనం ఉంది. ఓపిక మాత్రం లేదు. అతని భార్య మరిడమ్మ నన్ను అన్నయ్యా అంటుంది కాబట్టి అతను నాకు బావయ్యాడు. బావయ్యి నా నెత్తికెక్కాడు.

ఆరేళ్ళ కిందట వాళ్ళ పెరట్లో వేపచెట్టు గాలివానకి కూలింది. దాన్ని కోయించి, స్నానాలగదికి తలుపు చెయ్యమన్నాడు.

"పచ్చి కర్ర బావా. పలకలు కోయించు, పలక్కీ పలక్కీ మధ్య సన్న బద్దలు పెట్టి, నీడలో దొంతర పెట్టు. ఏడాది గాలి తగలనీ. తడి లాగీసినాక సేస్తాను" అన్నాను.

"ఏడాది తలుపు నేకుండా ఎలగుంటాం?" అన్నాడు. ఇంకెవరి చేతో నెల తిరక్కుండా చేయించేసుకున్నాడు. ఆ తలుపు నేను చెయ్యలేదు. ఈ సంగతి నలుగురికీ తెలియాలి. ఎందుకంటే నేను అటువైపు వెళ్ళినప్పుడల్లా ఎవరో ఒకరు "జోగయ్యా, గంగరాజు తలుపు నువ్వే సేసినావంట గదా" అని అడిగి నవ్వుతున్నారు.

ఇక చూడండి తమాషా. వానాకాలం వస్తే తలుపు ఉబ్బుతుంది, గంగరాజు అంచు చెక్కుతాడు. ఎండాకాలం అదే తలుపు ఎండి ముడుచుకుంటుంది, సందు పడుతుంది, సందులో పేపరు కుక్కుతాడు. మళ్ళీ వాన, మళ్ళీ చిత్రిక. ప్రతిసారీ నాకు ఫోను. ప్రతిసారీ నేను అదే పాట పాడతాను. వానల్లో చెక్కకు, వేసవి దాకా ఆగు, బాగా ఎండినాక కింద అంచుకీ పై అంచుకీ కూడా రంగు వెయ్యి. ఎదురుగా కనబడే వైపు అందరూ రెండు పూతలు వేస్తారు. కింద అంచు ఎవడు చూడొచ్చాడని వదిలేస్తారు. తలుపు నీళ్ళు తాగేది ఆ అంచు నుంచే. గంగరాజు ఊఁ కొడతాడు. వేసవి వచ్చేసరికి అతనికి తలుపూ గుర్తుండదు, నేనూ గుర్తుండను.

మొన్న శ్రావణంలో ముసురు పట్టిన రోజుల్లో మళ్ళీ ఫోను చేశాడు.

"బావా, ఇయ్యాల నువ్వు రావాల. తలుపు బోల్టు పడట్లేదు. మా కోడలు బ్యాగు సర్దీసింది. కన్నోరింటికి ఎల్పోతాదంట."

"తలుపు కోసమేటి?"

"తలుపు కోసమే! బయట సెప్తే నవ్వుతారు."

కొడుకు ధర్మేంద్రకి పెళ్ళయి మూడు నెలలు కాలేదు. వాడు విశాఖలో కంపెనీ ఉద్యోగం, సెలవు దొరికినప్పుడు వస్తాడు. ఆ కోడలు అనిత వెళ్ళిపోయిందంటే ఊరేమంటుంది? జోగయ్య చేసిన తలుపు మూలాన కాపురం చెడింది అంటుంది. నేను చెయ్యని తలుపుకి ఈ అప్రతిష్ఠ ఒకటి. తిట్టుకుంటూ పనిముట్ల సంచి బండికి తగిలించి, తడుస్తూ వెళ్ళాను.

గంగరాజు వరండాలో వాళ్ళ నాన్ననాటి టేకు పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఒళ్ళో చిత్రిక. ముందుగా దాన్ని లాక్కుని నా సంచిలో వేసుకున్నాను.

"ఇది నా కాడుంటాది."

"అదేటి బావా, నిన్ననే పదును పెట్టించినాను!"

"అందుకే."

స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ద్వారబంధం అంచంతా సుద్దముక్క రుద్ది, తలుపు నెట్టి, మళ్ళీ తెరిచాను. తలుపు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ సుద్ద అంటుకుంటుంది. చెక్కేవాడెవడైనా ముందు చెయ్యవలసిన పని అది. సుద్ద ఎక్కువగా పై మూలకే అంటుకుంది. పై మూల ఒరుసుకుందంటే చూడవలసింది కర్రని కాదు, తలుపుని ద్వారబంధానికి పట్టి ఉంచే బందుని. పై బందు స్క్రూలు పట్టుకుంటే వేళ్ళతోనే తిరిగాయి.

"ఆరేళ్ళ బట్టి ఇటు సెక్కుతన్నావు. రోగం అటుంది. స్క్రూ వదిలీసి తలుపు వాలిపోనాది."

"మరి బందు సూడమని ఎవులు సెప్పినారు?"

పోయిన ఏడాది ఫోనులో నేనే చెప్పాను. నోరు పారేసుకోవడం ఎందుకని పనిలో పడ్డాను. వెదురు చీల్చి పుల్లలు చేసి, వదులైన కన్నాల్లోకి బిగువుగా కొట్టి, పైకి మిగిలింది విరిచేశాను. తలుపు కింద చెక్క దోపి పైకెత్తి, కొంచెం పొడుగు స్క్రూలు బిగించాను. తలుపు లేచి నిలబడింది. ఇప్పుడు చాలామటుకు పడుతోంది. పూర్తిగా మూసుకోవడానికి వేలు మందం మాత్రం మిగిలింది. బోల్టు ఇంకా దాని కన్నానికి అందడం లేదు.

"ఈ మిగిలింది తడి. దీన్ని ముట్టుకోకు. ఇంకొక్క పొర తీసినావంటే లోపలి అతుకు బయటపడి తలుపు ఊడొస్తాది. వేసవి దాకా ఆగు" అన్నాను.

"వేసవి దాకా తానం మానీమంటావా బాబాయ్?"

వంటింటి గుమ్మంలో అనిత నిలబడి ఉంది. అంతవరకు ఆ పిల్ల నోరు విప్పి నాతో మాట్లాడింది లేదు. వచ్చి తలుపు వెనక్కి వేలు చూపించింది. నిండు బక్కెట్టు, దాని పక్కన రుబ్బురోలు పొత్రం.

"ఇవి అడ్డం పెట్టుకుని, ఓ సేత్తో తలుపు నొక్కి పట్టుకుని, ఓ సేత్తో నీలు పోసుకుంటన్నాను. అదీ తెల్లారకముందే. నిన్న కొంచెం లేటయిపోనాది. మావయ్యగారి కోసం వచ్చినాయన కాళ్ళు కడుక్కోడానికని తలుపు తోసీసినాడు. బక్కెట్టు జరిగిపోనాది."

గంగరాజు మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఎరక్క తోసినాడమ్మా. లోపల ఉన్నానని ఓ కేకేస్తే సరిపోను."

"ఏసినాను" అంది అనిత. "కేక ఇన్నాక కూడా ఓసారి తోసినాడు."

గంగరాజూ కొడుకూ బోరు దగ్గర పంచె కట్టుకుని పోసుకుంటారు. ఈ గదిలోకి మగవాళ్ళు ఎప్పుడో గాని అడుగుపెట్టరు. ఆరేళ్ళుగా గంగరాజు నాకు ఫోను చేసింది తలుపు కోసం, లోపల ఉండే మనుషుల కోసం కాదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కర్ర మీద కోపం వేరు, ఇది వేరు.

"ఇంటిలో ఎండిన కర్రుందా?" అన్నాను.

"పశువుల సాలలో బోలెడున్నాది."

వెళ్ళి చూశాను. మిగిలిన వేప ముక్కలే. తడినేల మీద గుట్టగా పోసి, పైన టార్పాలిన్ కప్పాడు. చెదలు హాయిగా భోంచేస్తున్నాయి. తిరిగొచ్చేసరికి గంగరాజు మళ్ళీ పడక్కుర్చీలో చేరాడు. నా చూపు దాని పొడుగు చేతుల మీద పడింది. పాత టేకు. పిడికిలి మందం. ఎక్కడా వంపు లేదు, పగులు లేదు.

"బావా, లే."

"ఎందుకు?"

"లే, సెప్తాను."

లేచాడు. నేను కుర్చీ కుడిచేతి మీద రంపం పెట్టాను.

"ఒరే ఒరే! అది మా అయ్యది!"

"మీ అయ్యకి కర్ర ఎండబెట్టడం తెలుసు బావా."

గంగరాజు నా చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటిదాకా పొయ్యి దగ్గర నుంచి కదలని మరిడమ్మ గబగబా వచ్చింది. నన్ను ఆపడానికే అనుకున్నాను. ఆమె వంగి, కుర్చీ కదలకుండా రెండు చేతులా అదిమి పట్టుకుంది.

"కొయ్యన్నయ్యా" అంది.

కోశాను.

పొడుగు ముక్క అడ్డగెడ అయింది. మిగిలిన ముక్కతో గెడని పట్టి ఉంచే కొక్కేలు రెండు చెక్కి, ద్వారబంధానికి లోపలివైపు అటొకటి ఇటొకటి బిగించాను. తడి తగిలే చోటు కదా, ఇనుప స్క్రూలు పెడితే తుప్పు పట్టి తినేస్తాయి, ఇత్తడివి పెట్టాను. కొక్కెం గాడి కొంచెం ఏటవాలుగా తీశాను. గెడ కిందికి దిగిన కొద్దీ తలుపుని ద్వారబంధానికి నొక్కేస్తుంది. తలుపు వానాకాలం ఉబ్బినా, వేసవిలో ముడుచుకున్నా గెడకి తేడా రాదు.

అనిత లోపలికి వెళ్ళి గెడ దించింది.

"బావా, తొయ్యి."

గంగరాజు చేత్తో తోశాడు. తర్వాత భుజం పెట్టి తోశాడు. కదల్లేదు.

"గట్టిగున్నాది" అన్నాడు, తనే చేసినట్టు.

అనిత బయటికొచ్చి, గదిలోకి వెళ్ళి సర్దిన బ్యాగు తెరిచింది. అందులోంచి తువ్వాలూ బట్టలూ తీసుకుని, మిట్టమధ్యాహ్నం, మేమందరం వరండాలో కూర్చుని ఉండగానే స్నానానికి వెళ్ళింది. గెడ పడిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది. ఆ పిల్ల ఏ తొందరా పడలేదు.

అనిత తల తుడుచుకుంటూ రాగానే మరిడమ్మ దండెం మీద చీర అందుకుని అటు నడిచింది.

"నువ్వు పొద్దున్నే పోసుకున్నావు గదే?" అన్నాడు గంగరాజు.

ఆమె తలుపు దగ్గర ఆగింది.

"సీకట్లో పోసుకున్నాను. ఎలుతురులో పోసుకుని ఆరేళ్ళయిపోనాది."

లోపల గెడ పడింది. గంగరాజు కుర్చీలో కూలబడి, అలవాటుగా కుడిచెయ్యి పక్కకి చాపాడు. ఆనుకోవడానికి అక్కడ ఏమీ లేదు.