మాబీ చుట్టిన చెండ్లు

మాబీ చుట్టిన చెండును నాపరాయి మీద కొడితే మనిషెత్తు లేచేది. ఆమె మొగుడు కాశీం ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. పరుపుల్లోంచి తీసిపారేసిన పాత దూది, చినిగిన చీరపేలికలు, గోనెసంచుల నుంచి పీకిన పురికొస ఇంట్లో ఎప్పుడూ ఉండేవి. మాబీ దూదిని ఉండ చేసి, పేలిక కప్పి, దాని మీద పురికొసను వరస మీద వరస బిగించి, గుండ్రాయితో కొట్టి, మళ్ళీ చుట్టేది. పెద్ద పిల్లలకైతే అలా. పాకే పిల్లలకు వేరే రకం. లోపలంతా వదులు, పైన రెండు వరసలు మాత్రం బిగువు. మొహానికి తగిలినా నొప్పి పుట్టదు. పైకి చూస్తే రెండూ ఒకటే.

జొన్నదంటు బెండుతో బండ్లు చేసేది. పొగాకు డబ్బా మూతలు వాటికి చక్రాలు. చింతగింజలు కళ్ళుగా కుట్టి గుడ్డబొమ్మలు చేసేది. బేతంచెర్ల గనిలో రాయి కొట్టే లేవి కూతుళ్ళిద్దరూ పొద్దస్తమానం ఆమె అరుగు మీదే ఉండేవాళ్ళు.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, వేసవిలో, మద్దిలేటి ఆ అరుగు ఎక్కాడు. అతను పెద్దరెడ్డి మనిషి. పెద్దరెడ్డికీ కిందివీధి రెడ్డికీ ఒక గని దగ్గర తగాదా పడి రెండేళ్ళయింది. అప్పటికే అటొకడు, ఇటొకడు నరుక్కుని చచ్చారు. మద్దిలేటి కింద పడి ఉన్న చెండును తీసి బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు.

"ఇది నువ్వే సుట్టినావా?"

"నేనేన్నా. పిల్లోళ్ళకు కావల్నా?"

"పిల్లోళ్ళకు గాదు, రెడ్డికి. మావోడు సుట్టిన బాంబులు ఆరు ఇసిరితే, బిగువు సాలక నాలుగు తుస్సుమన్యాయి. ఇంగొగటి వాని సేతిలోనే పేలె. మణికట్టు కాడికి పాయ. నీది గట్టి సెయ్యి. మందూ రాళ్ళూ మేమిస్తాం. సుట్టేది మాత్రం నువ్వు."

మాబీ ఒళ్ళోని పేలికలు పక్కన పెట్టి లేచి నిలబడింది. "పిల్లోళ్ళు ఆడుకునేటివి చేస్తాండా అన్నా నేను. మనుషుల్ని సంపేటివి నా చేత గాదు."

మద్దిలేటి వాదించలేదు. వీధి చివర కాశీం వస్తున్నాడు, భుజాన దూదేకే విల్లు. మద్దిలేటి ఎదురు వెళ్ళి ఆ విల్లునే లాక్కున్నాడు. మొదటి దెబ్బకు కాశీం మోకాళ్ళ మీద పడ్డాడు. రెండోది చెవి మీద పడింది. నారి తెగి ఝుమ్మంది. మూడో దెబ్బకు విల్లు విరిగింది. విరిగిన కొసతో పక్కటెముకల్లో పొడిచాడు. చెవిలోంచి నెత్తురు కారి మెడ దాకా వచ్చింది. వీధిలో తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. మాబీ పరుగెత్తి మొగుడి మీద పడింది. ఆమె వీపు మీద ఒక దెబ్బ పడింది.

"సుడతా! ఆపన్నా, సుడతా!"

మరునాడు పొద్దున్నే ఆమెను పెద్దరెడ్డి కళ్ళం పక్కనున్న కొట్టంలో కూర్చోబెట్టారు. గని నుంచి మందు తెచ్చింది లేవి. సంచి దించుతూ ఆమె మొహం చూడలేకపోయాడు.

"నా మీద కోపం జేసుకోవద్దక్కా. తేకుంటే నా ఇల్లు కాలుస్తామన్యారు."

"నువ్వు కూడా పోతాండావా లేవీ, వాళ్ళతో?"

"సంచి మోసేదానికి పోవల్ల."

ఆ రోజు మాబీ బిగించే చుట్టింది. మధ్యాహ్నం మద్దిలేటి చుట్ట ముట్టించుకోవడానికి గడప దాటి దూరంగా నిలబడ్డాడు. అప్పుడు అడిగింది. "ఎవురి మీదికన్నా ఇవి?"

"కిందివీధోళ్ళు మంత్రాలయం పోయిండారు. శుక్రవారం రైలు దిగి టేసన్ నుంచి బండ్లు కడతారు. వాగు కాడ కాసుకుంటాం."

"ఆడోళ్ళూ పిల్లోళ్ళూ ఉంటారు గదన్నా, మొక్కుబడికి పోయినోళ్ళంటే."

"ఉంటే ఉండనీ."

మద్దిలేటి పొగ పీలుస్తూ కళ్ళం వైపు తిరిగాడు. మాబీ అంతవరకు చుట్టినవి విప్పింది. మళ్ళీ చుట్టింది, ఈసారి పాకే పిల్లల చెండ్లలా. లోపల వదులు, పైన రెండు వరసలు బిగువు. మూడు రోజుల్లో పద్నాలుగు చుట్టింది. మద్దిలేటి ప్రతిదాన్నీ బొటనవేలితో నొక్కి చూశాడు. వేలు దిగలేదు. "శానా బాగుండాయి," అన్నాడు.

పేలకపోతే ఎవరి దారిన వాళ్ళు ఇంటికి పోతారనుకుంది మాబీ. నిజంగానే అలా అనుకుంది.

శుక్రవారం ఎండ ఎక్కుతుండగా రెండు బండ్లు వాగులోకి దిగాయి. ముందు బండిలో ఆడవాళ్ళు, పిల్లలు. వెనక బండిలో కిందివీధి రెడ్డి, అతని మనుషులు. మద్దిలేటి తుమ్మకంప చాటు నుంచి లేచి మొదటి బాంబు విసిరాడు. అది ముందు బండి చక్రానికి తగిలి, ఇసుకలో దొర్లి ఆగింది. రెండోది ఎద్దు మూపున పడి జారింది. ఎద్దు తోక ఆడించింది. మూడు, నాలుగు, అయిదు. ఒక్కటీ పేలలేదు. బండిలోని ఆడవాళ్ళు అరవడం కూడా మరిచి చూస్తూ ఉండిపోయారు.

వెనక బండి గడ్డి కింద వేటకొడవళ్ళున్నాయి. ఎనిమిది మంది ఒక్కసారిగా దూకారు. బాంబుల్ని నమ్ముకుని వచ్చిన ఆరుగురికీ ఉన్నవి రెండే కొడవళ్ళు. ఒకణ్ణి వాగు ఇసుకలోనే పడేసి నరికారు. ఇంకొకడు గట్టెక్కుతుంటే వీపు మీద వేటు పడింది. వెనక్కి దొర్లి నీళ్ళ మడుగులో పడ్డాడు. మద్దిలేటికి నుదుటి నుంచి దవడ దాకా చీలింది, అయినా పారిపోయాడు. లేవి చేతిలో సంచి తప్ప ఏమీ లేదు. అది పారేసి కంపలోకి దూరాడు. ముళ్ళకు పంచె చిక్కుకుంది. ముందు మడమలు నరికారు, లేవకుండా. "అన్నా, నేను సంచి మోసేటోణ్ణి, అన్నా," అని చేతులెత్తాడు. ఎత్తిన చేతుల మీదుగానే మెడ మీద వేటు వేశారు.

మూడు శవాలు నాపరాళ్ళ లారీలో ఊరికి వచ్చాయి. లేవి పెళ్ళాం సోమక్క లారీ ఆగకముందే చక్రం పట్టుకుని ఎక్కింది. రాళ్ళ మధ్య మొగుడి చేతి కోసం వెతికింది. ఒక చేతికి మూడే వేళ్ళున్నాయి.

మాబీ అన్నం ముట్టలేదు. ఎవరికీ చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదని కాశీం బతిమాలాడు. అయిదో రోజు పొద్దున ఆమె సోమక్క గుడిసెకు వెళ్ళి గుమ్మంలో కూర్చుంది.

"సోమక్కా, అవి పేలకుండా సుట్టింది నేనే. కావల్లనే సుట్టినా."

సోమక్కకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మాబీ జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టింది. నోటి మీద గుద్దింది. పన్ను ఊడి నేల మీద పడింది. "నా మొగుణ్ణి తిన్యావే! వాడు నిన్ను అక్కా అంటాండె గదే!" మాబీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చివరకు పెద్దపిల్ల వచ్చి తల్లి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. మాబీ నెత్తురు కొంగుతో తుడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

మద్దిలేటికి ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. వాగులో మిగిలిన ఒకదాన్ని తెప్పించి కోసి చూశాడు. ఆ మధ్యాహ్నమే వచ్చాడు, మొహానికి కట్టుతో.

"వదులుగా సుట్టినావు గదే!"

ఆమెను వాకిట్లోని రోలు దగ్గరికి ఈడ్చాడు. అడ్డం వచ్చిన కాశీంను పొట్టలో తన్నాడు. మాబీ కుడిచేతిని రోటి అంచున పరిచి మోకాలితో అదిమి, పక్కనున్న గుండ్రాయి ఎత్తాడు. ముందు బొటనవేలు. తర్వాత మిగిలినవి, ఒక్కొక్కటి. ఎముకలు నలిగిన చప్పుడు అవతలి ఇంటికి వినిపించింది. మాబీ మొదట అరిచింది, తర్వాత అరుపు కూడా రాలేదు. ఎడమచెయ్యి లాగి బొటనవేలు చితకగొట్టాడు. మళ్ళీ రాయి ఎత్తాడు.

ఆ రాయి దిగలేదు. అరుపు విని వచ్చిన సోమక్క వెనక నుంచి లేవి గడ్డపారతో కొట్టింది. మద్దిలేటి పక్కకు ఒరిగాడు. రెండో దెబ్బకు మోకాలు విరిగింది. కట్టు జారి మొహం మీది గాయం మళ్ళీ విచ్చుకుంది.

"వానికి సంచి ఇచ్చి వాగుకు పంపిందెవురు? ఈమెనా? నువ్వు! నీ రెడ్డి! మా ఇల్లు కాలుస్తామనిందెవురు?"

గడ్డపార మొన తిప్పి గొంతు మీద పెట్టింది. మాబీ నలిగిన చేతులతోనే పాకి వచ్చి ఆమె కాళ్ళకు అడ్డం పడింది.

"వద్దు సోమక్కా. నీ పిల్లోళ్ళు సూస్తాండారు. ఇంగ సాలు."

పిల్లలిద్దరూ నిజంగానే వీధిలో నిలబడి ఉన్నారు. సోమక్క గడ్డపార వదిలేసింది.

పోలీసులు వచ్చారు. రెండు వైపుల రెడ్లూ మాబీకి కబురు పంపారు, నోరు మూసుకొమ్మని. ఆమె మూసుకోలేదు. తానే చుట్టానని, ఎందుకు చుట్టానో, ఎలా చుట్టానో అంతా చెప్పింది. వాంగ్మూలం కింద వేలిముద్ర వేయడానికి బొటనవేళ్ళు పనికిరాలేదు. బొటనవేలి ముద్రే కావాలని, చివరకు కాలి బొటనవేలికి సిరా పూశారు. సోమక్క కూడా సాక్ష్యం చెప్పింది. మద్దిలేటికి ఏడేళ్ళ శిక్ష పడింది. లేవిని నరికిన వాళ్ళలో ఇద్దరికి యావజ్జీవం. పెద్దరెడ్డి పేరు ఏ కాగితంలోనూ నిలవలేదు.

ఊళ్ళో ఇక ఉండే వీల్లేదు. కాశీం ఆదోని చేరి కొత్త విల్లు కట్టించుకున్నాడు. సోమక్క పిల్లల్ని తీసుకుని వెంట వచ్చి పత్తి మిల్లులో కూలికి కుదిరింది. మాబీ కుడిచేతికి రెండు వేళ్ళు మాత్రం వంగేవి. అన్నం ముద్ద కలిపిపెట్టేది సోమక్క. మాబీ కొంగు ముడేసేది కూడా ఆమే. ఇద్దరూ లేవి మాట ఎత్తేవాళ్ళు కాదు.

రెండేళ్ళ తర్వాత ఒక పొద్దున, అన్నం పెడుతూ పెడుతూ సోమక్క ఆగింది.

"నువ్వు బిగించి సుట్టింటే ఎవురు సచ్చేటోళ్ళు?"

"ముందు బండిలోవాళ్ళు."

"ఎంతమంది?"

"అయిదుమంది ఆడోళ్ళు. నలుగురు పిల్లోళ్ళు. ఒగామె నెలలు నిండింది."

సోమక్క తల వంచుకుని ముద్ద కలిపింది. "వాళ్ళను నేనెరగను," అంది చివరకు. "నా మొగుణ్ణి ఎరుగుదు."

మాబీ కళ్ళు తుడుచుకోవడానికి మోచెయ్యి ఎత్తింది. సోమక్క తన ఎడమచేత్తో ఆమె కళ్ళు తుడిచి, కుడిచేతిలోని ముద్ద నోట్లో పెట్టింది. ఈలోగా మిల్లు కూత వినిపించింది. చెయ్యి కడుక్కుని, చెప్పులు తొడుక్కుని, పనికి వెళ్ళింది.