తెల్మా పెట్టిన తీర్మానం

ఇంగ్లండులో హంబర్ ఏటి ఒడ్డున ఉన్న మా ఊళ్లో, 2016 రిఫరెండంలో నూటికి డెబ్భై మంది బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేశారు. అది తప్పని బాహాటంగా అన్నది తెల్మా గార్సైడ్ ఒక్కతే. చేపల గోదాంలో పనిచేసి రిటైరైన మనిషి. భర్త పోయాక లేబర్ పార్టీయే ఆమెకు ఇల్లూ వాకిలీ. ప్రతి శనివారం పార్టీ మా ఊరి శాఖ కార్యదర్శి డెస్మండ్ రడ్‌తో కలిసి ప్రచారానికి ఇంటింటికీ తిరిగేది. చివర్లో ఇద్దరూ ఒకే పొట్లంలో చేప వేపుడూ చిప్సూ తినేవారు.

2019 వసంతంలో శాఖ సమావేశంలో తెల్మా లేచి, జనాన్ని మళ్లీ అడగాలి, రెండో రిఫరెండం పెట్టాలి అని తీర్మానం చదివింది. ఎవరూ బలపరచకపోతే అది అక్కడితో సరి. ఒక్క చెయ్యి లేవలేదు.

"నేను బలపరుస్తున్నా," అన్నాడు డెస్మండ్. "ఆవిడ చెప్పేది విని ఓడిద్దాం. వినకుండా ఎందుకు?"

విన్నాక అతనే లేచాడు. "జనం ఒకసారి చెప్పారు కదా తెల్మా. నీకు నచ్చిన జవాబొచ్చేదాకా అడుగుతూనే ఉంటావా?"

"చేపల రేవు మూసినప్పుడూ ఇక ఇదే ఆఖరి మాటన్నారు. నువ్వు ఊరుకున్నావా?"

తీర్మానం ఓటుకొచ్చింది. అటు చేతులన్నీ, ఇటు ఆమెది ఒక్కటే.

ఆపై శనివారం డెస్మండ్ రాలేదు. జలుబన్నాడు. తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాడు.

ఆ ఏడాది చివర్లో పార్లమెంటు ఎన్నికలొచ్చే నాటికి, రెండో రిఫరెండమన్న తెల్మా మాటే దేశమంతటా పార్టీ మాటైంది. డెస్మండ్ సభ్యత్వం వదులుకున్నాడు. గెలిచిన కళ ఆమె మొహంలో ఎవరికీ కనబడలేదు.

డిసెంబరు వానలో ఆమె ఒంటరిగా ఓట్లడుగుతూ తిరిగింది. డెస్మండ్ ఇల్లు దాటిపోదామనుకుని, ఆగి, తలుపు తట్టింది.

"ఈసారి మీ పార్టీకి వెయ్యను," అన్నాడతను.

జీవితమంతా 'మన పార్టీ' అన్న మనిషి.

"తెలుసు," అంది.

"తడిసిపోయావు. లోపలికి రా."

టీ తాగుతూ అతని చెల్లెలి గురించి మాట్లాడుకున్నారు. ఓట్ల ఊసెత్తలేదు. కప్పు ఖాళీ కాగానే ఆమె లేచింది. అతను ఉండమనలేదు.

ఆ ఎన్నికల్లో మా ఊరి సీటు లేబర్ చేజారిపోయింది. ఇప్పుడు ఇద్దరూ బజార్లో ఎదురైతే గాలి గురించి మాట్లాడుకుంటారు. శనివారాలు ఏం చేస్తున్నావని నేనడిగితే, "ఏముంది, రేడియో పెట్టుకుంటా," అంటుంది తెల్మా.