ఎడమవైపు డోలు

మయూర్ విహార్‌లోని తెలుగు కుటుంబాలు మల్లికార్జునని అడక్కుండా మిక్సీ కూడా కొనేవి కావు. ఫ్రిజ్జు ఎన్ని లీటర్లది తీసుకోవాలి, గీజరు ఏ కంపెనీది మంచిది, పిల్లాడి లాప్‌టాప్‌కి గ్యారంటీ ఎన్నేళ్ళుండాలి, అన్నిటికీ ఆయన మాటే మాట. నోయిడాలో నీటి పంపులు తయారుచేసే కంపెనీలో క్వాలిటీ మేనేజరాయన. బాగాలేని పంపు మీద ఎర్ర స్టిక్కరు అంటించి పక్కన పెట్టించడం ఉద్యోగం. సాయంత్రం ఆరింటికి స్టిక్కర్ల కట్ట సొరుగులో పడేసి వచ్చేవాడు గాని, తప్పులు పట్టే అలవాటు మాత్రం ఆయనతోపాటే మెట్రో ఎక్కి ఇంటికొచ్చేది.

అలాంటి మనిషి దారిలో వినడానికి హెడ్‌ఫోన్లు ఎంచుకోవడానికి పదిహేను రోజులు తీసుకున్నాడంటే వింతేమీ లేదు. ఆఫీసులో అందరూ వైర్లు లేనివి చెవుల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. వాటిని మొదటిరోజే కొట్టిపారేశాడు. రోజూ చార్జింగు పెట్టాలి, మెట్రో తోపులాటలో ఒకటి జారిపోతే రెండోది దండగ. వైరున్నదైతే ఫోన్లో గుచ్చగానే పలుకుతుంది, పీకగానే ఊరుకుంటుంది. చెవిలోకి దూరేవి వద్దు, పైన మెత్తగా ఆనేవి కావాలి. వైరు జేబు దాకా రావాలి, మోకాలి దాకా రాకూడదు. ఫోన్లో గుచ్చే పిన్ను వంకరగా ఉండాలి, తిన్నగా ఉంటే జేబులో నలిగి వైరు పిన్ను దగ్గర తెగుతుంది. ఇవన్నీ ఒక చీటీ మీద రాసుకుని, శనివారం పొద్దున్న సొసైటీ గేటెదురుగా ఉన్న నవదీప్ కొట్టుకి వెళ్ళాడు.

నవదీప్‌కి నలభై దాటాయి. వాళ్ళ నాన్న అదే కొట్లో రేడియోలు బాగుచేసేవాడు, ఇతను ఫోన్ల సామాను అమ్ముతున్నాడు. చీటీలో ఉన్నవన్నీ ఓపిగ్గా విని, పై అరలోంచి నల్లటి హెడ్‌ఫోన్లు తీసిచ్చాడు. మల్లికార్జున వైరు కొలిచి, కుట్లు చూసి, పిన్ను వంచి చూసి, కొన్నాడు.

సోమవారం మెట్రోలో సీటు దొరకగానే వాటిని పెట్టుకున్నాడు. ఎల్ అన్నది ఎడమ చెవికి, ఆర్ అన్నది కుడి చెవికి. తయారుచేసినవాడు రాసిందాన్ని కాదని తిరగేసి పెట్టుకోవడం ఆయన లెక్కలో చొక్కా తిరగేసి తొడుక్కోవడం లాంటిది. ఆ పని పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చెయ్యలేదు. తెనాలిలో మేనల్లుడి పెళ్ళికి వచ్చిన మేళాన్ని రెండు మైకులు పెట్టించి రికార్డు చేయించుకున్నాడు, కుడివైపు సన్నాయి, ఎడమవైపు డోలు. అది పెట్టాడు. సన్నాయి చక్కగా వచ్చింది. డోలు జాడలేదు. హెడ్‌ఫోన్లు పీకేసి, ఫోన్ స్పీకరుని కుడి చెవికి ఆనించుకుని విన్నాడు. డోలు నిక్షేపంలా మోగుతోంది. మళ్ళీ పెట్టుకుంటే మాయం. ఇంకేం కావాలి? ఎడమది చచ్చిన పీసు.

ఆ సాయంత్రం నవదీప్ మారుమాటాడకుండా ఇంకొకటి మార్చి ఇచ్చాడు. దానిలోనూ డోలు లేదు. మూడోది ఇచ్చాడు. అదీ అంతే.

మూడోసారి వెళ్ళినప్పుడు ఆదివారం. కొట్టు ముందు జనం. కూరల సంచీతో భార్య ఛాయాదేవి కూడా పక్కనుంది. నవదీప్ ఆ హెడ్‌ఫోన్లు తన చెవులకే పెట్టుకుని విని, "దోనో తరఫ్ ఆ రహా హై, అంకుల్ జీ" అన్నాడు, రెండు వైపులా వస్తోందంటూ.

"నీ సరుకు నీ చెవికి ఎందుకు వినపడదు? అమ్మేవాడివి కదా!" అన్నాడు మల్లికార్జున హిందీలో, నలుగురూ తిరిగి చూసేటట్టు.

ఛాయాదేవి ఆయన కుడివైపుకి వచ్చి నుంచుంది. "ఏవండీ, ఒక్కసారి నేను పెట్టుకుని చూస్తానుండండి" అంది.

"నువ్వూరుకో. ఇరవయ్యేడేళ్ళ నుంచి పీసులు చూస్తున్నవాణ్ణి. నాకు చెబుతున్నావా?"

నవదీప్ ఇంక వాదించలేదు. డబ్బు వెనక్కిచ్చి, హెడ్‌ఫోన్లు మళ్ళీ డబ్బాలో సర్దుకున్నాడు. అతని మొహం చిన్నబోయింది. మల్లికార్జున అది చూశాడు. దొంగ దొరికిపోతే మొహం అలాగే ఉంటుందనుకున్నాడు.

ఇంటికెళ్ళి, అరవై కుటుంబాలున్న తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో హెచ్చరిక పెట్టాడు. ఢిల్లీలో మనవాళ్ళకి ఇదొక ఆచారం. ఎవరికి ఎక్కడ మోసం జరిగినా సాయంత్రంలోగా అందరికీ చెప్పెయ్యాలి, దక్షిణాదివాళ్ళు కనబడితే చాలు ఇక్కడి దుకాణాలవాళ్ళు టోపీ వేస్తారని ఒక గట్టి నమ్మకం. "గేటెదుట కొట్లో నాసిరకం సరుకు అమ్ముతున్నాడు. మూడు పీసులు చూశాను, మూడూ చెడినవే. దయచేసి ఎవరూ కొనవద్దు. మల్లికార్జున, క్వాలిటీ మేనేజర్." కింద ఉద్యోగం కూడా రాశాడు, మాటకి బరువుంటుందని. ఉమాశంకర్ అనే ఆయన దాన్ని హిందీలోకి మార్చి సొసైటీ పెద్ద గ్రూపులో పెట్టాడు. ముప్ఫైమంది దణ్ణాలు పెట్టారు. మల్లికార్జునకి ఆ రాత్రి అన్నం బాగా సహించింది.

తర్వాత నోయిడాలో పెద్ద షాపుకి వెళ్ళి, మూడింతలు ఖరీదు పెట్టి ఇంకొకటి తెచ్చుకున్నాడు. దానిలోనూ డోలు లేదు. దేశంలో ఒక్కడికీ పనిమీద శ్రద్ధ లేకుండా పోయిందని ఛాయాదేవితో అన్నాడు. ఆమె ఏదో అంది. "ఆ గొణుగుడేమిటి? మాట్లాడితే మనిషిలా మాట్లాడు" అని కసిరాడు. ఈమధ్య ఆ మాట రోజుకోసారి అంటున్నాడు. మొన్న చుట్టాల ముందు కూడా అన్నాడు.

తిరిగిచ్చేద్దామనుకున్న ఆ కొత్తవాటిని గురువారం నాడు మెట్రోలో పెట్టుకున్నాడు. న్యూ అశోక్ నగర్‌లో జనం తోసుకొచ్చారు. ఎవరిదో బ్యాగు తగిలి కళ్ళజోడూ హెడ్‌ఫోన్లూ రెండూ ఊడిపోయాయి. కళ్ళజోడు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో హెడ్‌ఫోన్లు తడుముకుని తల మీద పెట్టుకున్నాడు.

కుడి చెవిలో డోలు దద్దరిల్లింది.

సన్నాయి లేదు. మల్లికార్జున కళ్ళజోడు పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తీసి చూశాడు. ఎల్ అన్నది కుడి చెవికి వచ్చింది. తిప్పి పెట్టుకున్నాడు. సన్నాయి వచ్చింది, డోలు పోయింది. మళ్ళీ తిప్పాడు. డోలు వచ్చింది, సన్నాయి పోయింది. నాలుగుసార్లు తిప్పాడు. ఎదుటి సీట్లో కూర్చున్నామె చూస్తోందని తెలిసి ఆపేశాడు. ఎడమ చెవి పక్కన వేళ్ళు తెచ్చి రాపాడించుకున్నాడు. ఏమీ లేదు. కుడి చెవి దగ్గర రాపాడిస్తే చప్పుడు. ఫోన్ వస్తే ఎప్పుడూ కుడి చెవికే ఎందుకు పెట్టుకుంటున్నాడో అప్పుడు అర్థమైంది.

కొత్తగా చేరినవాళ్ళు మిషను బాగాలేదని అన్నప్పుడల్లా, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందయ్యా నీ వరస, అని వెక్కిరించేవాడు. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. నవదీప్ హెడ్‌ఫోన్లను డబ్బాలో సర్దుకుంటున్నప్పటి మొహం కళ్ళముందు నిలబడింది. దిగవలసిన స్టేషను దాటిపోయింది.

అంత సిగ్గుపడ్డవాడు తిన్నగా వెళ్ళి క్షమించమని అడిగాడా అంటే, లేదు. నాలుగు రోజులపాటు సొసైటీ వెనక గేటులోంచి రాకపోకలు సాగించాడు. అర కిలోమీటరు చుట్టు. గ్రూపులో పెట్టిన హెచ్చరిక తీసెయ్యబోయాడు, గడువు దాటిపోయి కుదరలేదు. ఛాయాదేవితో కూడా చెప్పలేదు. చెప్పాలంటే చెవి సంగతి చెప్పాలి. చెవిటి మల్లయ్య అని తెనాలిలో ఒకణ్ణి చిన్నప్పుడు తనే ఏడిపించాడు. యాభై ఆరేళ్ళకే ఆ వరసలో కలవాలని ఏ క్వాలిటీ మేనేజరుకి ఉంటుంది?

ఐదోరోజున లిఫ్టులో పై అంతస్తు లక్ష్మీనారాయణ కలిశాడు. "అన్నగారూ, మీ మెసేజ్ చూసి మంచిపని చేశానండీ. మా ఆవిడకి ఆ కొట్లో వైరు ఇయర్‌ఫోన్లు కొన్నాను కదా, ఆ సాయంత్రమే తిరిగిచ్చేశాను."

"పలకడం లేదా?"

"శుభ్రంగా పలుకుతున్నాయండీ. కానీ మీరంతటివారు చెప్పాక ఇంక ఎట్లా నమ్ముతాం? ఇవాళ పలికి రేపు పోతాయి."

మల్లికార్జున ఇంట్లోకి వెళ్ళి చెప్పులతోనే సోఫాలో కూలబడ్డాడు. ఛాయాదేవి నీళ్ళు తెచ్చి కుడివైపు కూర్చుంది. ఆమె ఇదివరకు ఎడమవైపు కూర్చునేదని అప్పుడు జ్ఞాపకమొచ్చింది. నడిచేటప్పుడూ ఎడమే, మంచం మీదా ఎడమే. ఏడాది క్రితం మంచం మీద చోటు మార్చింది. ఫ్యాను గాలి పడటం లేదని చెప్పింది.

"నీకు తెలుసా?" అని అడిగాడు.

ఆమె ఏమిటని అడగలేదు. "తెలుసండీ."

"చెప్పలేదేం?"

"చెప్పాను. పోయిన దసరాకి, ఒకసారి చెవి చూపించుకోండి అన్నాను. ముందు నీ గొంతు చూపించుకో అన్నారు. మీ చెల్లెలు కూడా ఉంది అప్పుడు." ఆమె గొంతులో కోపం లేదు. "ఇంకోసారి చెప్పే ధైర్యం లేకపోయింది. సరేలే, ఇటు తిరిగి మాట్లాడితే పోయేదానికి ఎందుకు రభస అని..."

కోప్పడినా బాగుండుననిపించింది ఆయనకి. తన లోపాన్ని ఆమె ఏడాదిగా కప్పిపెడుతూ వచ్చింది. తను దాన్ని ఆమె గొంతుకి అంటగట్టాడు, నవదీప్ కొట్టుకి అంటగట్టాడు. తిట్టుపడ్డ ఇద్దరూ తిరిగి ఒక్క మాట అనలేదు. ఛాయాదేవి మొహంలోకి చూడలేక నీళ్ళ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"పద" అన్నాడు గ్లాసు కింద పెట్టి. "కొట్టు ఇంకా తెరిచే ఉంటుంది."

కొట్టు దగ్గర ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళున్నారు. ఒకమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడితే, నవదీప్ తన ఫోనుతో వీడియో తీస్తున్నాడు. "బోల్ దీజియే" అన్నాడు, రెండు వైపులా వస్తోందని చెప్పమంటూ. ఆ అమ్మాయి నవ్వుతూ, వస్తోందంది. డబ్బు ఇచ్చి వెళ్ళిపోయింది.

మల్లికార్జునని చూసి నవదీప్ తడబడ్డాడు. "ఏం చెయ్యను, అంకుల్ జీ" అన్నాడు, తప్పు తనదన్నట్టు. "గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. అప్పట్నుంచీ అందరూ అనుమానంగా చూస్తున్నారు. అందుకని సాక్ష్యం ఉంచుకుంటున్నాను." మెసేజ్ కింద ఉన్న పేరు అతనికి తెలుసు. తెలిసీ, ఒక మెసేజ్ అన్నాడు.

"నాకు మొదట ఇచ్చిన రకమే ఇంకొకటి ఇవ్వు" అన్నాడు మల్లికార్జున.

నవదీప్ ఛాయాదేవి వైపు చూశాడు. ఆమె తలూపింది. పై అరలోంచి నల్లటి డబ్బా తీసి, పిన్ను ఆయన ఫోన్లో గుచ్చి, సన్నాయి మేళం మొదలుకాగానే హెడ్‌ఫోన్లు అందించాడు. మల్లికార్జున ఎల్ ఎడమకి, ఆర్ కుడికి సరిగ్గా పెట్టుకున్నాడు. కుడివైపు సన్నాయి. ఎడమవైపు ఏమీ లేదు.

"నాకూ వీడియో తియ్యి" అన్నాడు.

"మీకెందుకు, అంకుల్ జీ..."

"తియ్యి, నవదీప్."

నవదీప్ ఫోను ఎత్తాడు. వెనక నిలబడ్డవాళ్ళు కూడా చూస్తున్నారు. మల్లికార్జున తిన్నగా ఫోను వైపు తిరిగాడు.

"పీస్ ఠీక్ హై. మేరా కాన్ ఖరాబ్ హై" అన్నాడు. తర్వాత మనవాళ్ళకోసం తెలుగులో చెప్పాడు. "నేను మల్లికార్జునని. ఇతను ఇచ్చిన మూడు పీసులూ బాగున్నాయి. నా ఎడమ చెవే వినపడటం లేదు. అది తెలుసుకోకుండా ఇతన్ని నలుగురిలో దొంగని చేశాను. తప్పు నాది."

నవదీప్ ఫోను దించి, తల పక్కకి తిప్పుకుని, బిల్లు పుస్తకం వెతుక్కున్నాడు. వీడియో తనకి పంపమని మల్లికార్జున అడిగితే, "రహనే దీజియే, అంకుల్ జీ" అన్నాడు, పోనివ్వండని. మల్లికార్జున చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. చివరికి నవదీప్ పంపాడు. అక్కడే, కొట్టు ముందే నుంచుని, మల్లికార్జున దాన్ని తెలుగు గ్రూపులో పెట్టాడు. సొసైటీ పెద్ద గ్రూపులో కూడా తనే పెట్టాడు, ఉమాశంకర్‌కి ఆ శ్రమ లేకుండా.

గేటు వైపు నడుస్తుంటే జేబులో ఫోను అదేపనిగా అదురుతోంది. తీసి చూడలేదు. ఛాయాదేవి అలవాటుగా కుడివైపుకి రాబోతే, ఆటో అడ్డమొచ్చి ఎడమవైపే ఉండిపోయింది. ఆమె పెదవులు కదిలాయి. ఇంకో రోజైతే ఆయన ఊఁ అనేవాడు, లేదంటే కసిరేవాడు.

ఆగి ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"వినపడలేదు, ఛాయా" అన్నాడు. "మళ్ళీ చెప్పు."