మావ "ఒగ్గీ" అనేదాకా

ఈ సీజన్లో లక్ష్ముడికి మూడు పెనాల్టీలు పడ్డాయి. మూడింటికీ కారణం ఒక్కటే. పట్టుకున్న మనిషిని వదలడు.

విజయనగరం జట్టు తరఫున అతనాడేది అమెరికన్ ఫుట్‌బాల్. పేరుకి ఫుట్‌బాలే గానీ, బంతిని చంకలో పెట్టుకుని పారిపోయే ఆట. పారిపోయేవాణ్ణి పట్టి ఆపడం లక్ష్ముడి ఉద్యోగం. ఏడేళ్లుగా జీతం పుచ్చుకుని మరీ అదే చేస్తున్నాడు. అతని చేతికి చిక్కి తప్పించుకున్న మగాడు ఇంతవరకూ లేడు. గొడవంతా ఆ తర్వాతే. రెఫరీ ఈల ఊదినా వదలడు. ఇద్దరు పరుగెత్తుకొచ్చి వేళ్లు ఒక్కొక్కటే విప్పాలి.

"ఇంకొక్క పెనాల్టీ పడిందంటే వచ్చే ఏడాది నీకు ఒప్పందం లేదు. ముప్పై మూడేళ్లవాణ్ణి ఇంకెవడూ తీసుకోడు" అన్నాడు కోచ్ ఉమాశంకర్.

"ఒగ్గుదారనే అనుకుంతాను సారూ. సేతులు ఇనవు" అన్నాడు లక్ష్ముడు. నిజంగానే ఏడుపొచ్చింది పాపం.

ఆ చేతులకి ఆ బుద్ధి నేర్పింది మావ కూర్మయ్య. కళింగపట్నం దగ్గర ఒడ్డు మీంచి పెద్ద వల లాగే జట్టుకి ఆయనే పెద్ద. వల ఇసకెక్కి, ఆయన "ఒగ్గీ!" అని కేకేసి వదలమనేదాకా తాడు మీంచి చెయ్యి తియ్యకూడదు. పదహారేళ్లప్పుడు లక్ష్ముడు తాడు చివర నిలబడి, ముక్కు దురద పుట్టిందని ముందే వదిలాడు. ముందున్న పద్నాలుగు మందీ ఒకరి మీదొకరు నీళ్లలో పడ్డారు. చేపలు హాయిగా ఇళ్లకి వెళ్లిపోయాయి. ఆ రోజు లక్ష్ముడి వీపు విమానం మోత మోగింది. తర్వాత కూర్మయ్య అతనికి కూతుర్నిచ్చాడు గానీ, మంచిమాట మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.

"మా అయ్య కేకేత్తే గానీ నీ సేతులు రావు" అని తేల్చేసింది పెళ్లాం దుర్గ. వెళ్లి తండ్రిని బస్సెక్కించి తీసుకొచ్చింది.

"సేప నేదు, సెరువు నేదు. ఇదేటి ఆటే?" అని విసుక్కుంటూనే కూర్మయ్య మైదానం గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఈల వినపడగానే "ఒగ్గీ!" అనేవాడు. లక్ష్ముడి చేతులు టక్కున విడిపోయేవి. అలా నాలుగు ఆటలు గడిచాయి, ఒక్క పెనాల్టీ లేదు. కోచ్ ఆయనకి ప్రతి ఆటకీ స్వయంగా టీ తెచ్చి ఇచ్చేవాడు.

బరంపురం జట్టుతో ఆఖరి ఆట. విజయనగరం మూడు పాయింట్లు ముందుంది, ఇంక పది సెకన్లే మిగిలాయి. బంతి పట్టుకుని దున్నపోతులా దూసుకొస్తున్నవాణ్ణి లక్ష్ముడు నడుం దగ్గర వాటేసుకున్నాడు. వాడు ఇంకా కింద పడలేదు, ఈల మోగలేదు. వాడి పొట్టలో ముఖం దూర్చిన లక్ష్ముడికి బంతి జారి గడ్డి మీద దొర్లడం కనపడలేదు. కూర్మయ్యకి కనపడింది.

కుర్చీ ఎగిరిపడింది. "ఒగ్గీ! ఎదవా, సేప జారిపోతన్నాది, ఆణ్ణి ఒగ్గీ!"

పదిహేడేళ్లలో మొదటిసారి మావ ముందే వదలమన్నాడు. లక్ష్ముడు ఆలోచించలేదు. మనిషిని వదిలేసి, ఎవడికి దొరికితే వాడిదయ్యే ఆ బంతి మీద పడ్డాడు. గడియారం ఆగింది, ఆట అయిపోయింది, విజయనగరం గెలిచింది.

రెఫరీ వచ్చి బంతి కోసం చెయ్యి చాచాడు. లక్ష్ముడు ఇవ్వలేదు. రెఫరీ లాగాడు. ఇంకో రెఫరీ వచ్చి ఇద్దరూ లాగారు. ఉమాశంకర్ తల పట్టుకుని కూర్మయ్య దగ్గరికి పరుగెత్తాడు. "బాబూ, ఒక్క కేకెయ్యండి, మీకు పుణ్యముంటుంది!"

కూర్మయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నానెందుకు ఏత్తాను? ఆడు పట్టినాడు, ఆడిదే. బాగా పట్టినాడు నా అల్లుడు."

హెల్మెట్ లోపల లక్ష్ముడు భోరున ఏడ్చేశాడు. రెఫరీ మావా అల్లుళ్లిద్దరి ముఖాలూ చూసి, నవ్వి, వదిలేశాడు.

మర్నాడు ఆఫీసులో కొత్త ఒప్పందం మీద లక్ష్ముడు కుడిచేత్తో సంతకం పెట్టాడు. బంతి ఎడమ చంకలోనే ఉంది. మావ ఇంకా "ఒగ్గీ" అనలేదు.